పాల సాక్ష్యం

కరెంటు పోయింది. గుమాస్తా తలుపు కొంచెం తీసి, ప్రింటరు ఆగిపోయింది, కరెంటు రాగానే కాగితం ఇస్తాను, ఎవరూ వెళ్ళకండి అని చెప్పి మళ్ళీ వేసుకున్నాడు. గోడ గడియారం పన్నెండుంబావు దగ్గర ఆగింది. కోర్టు వరండాలో ఎదురుబదురుగా రెండు బల్లలున్నాయి. ఒకదాని మీద నేనూ, మా లాయరు మాతల్లా. రెండోదాని మీద జైనబూ, ఆమె కొడుకు సీదాతి. జైనబూ కాళ్ళ దగ్గర సిమెంటు నేల మీద నా కూతురు తర్బా కూర్చుని ఆమెకి విసురుతోంది. కరెంటు వస్తే కాగితం వస్తుంది. దాని మీద నేను వేలిముద్ర వేస్తే తర్బా నాతో వస్తుంది. వెయ్యకపోతే సాయంత్రం సీదాతి బండిలో గుడారాలకి తిరిగి పోతుంది. తీర్పులో ఖాజీగారు అంతకన్నా ఎక్కువేం చెప్పలేదు. వేస్తే ఏం పోతుందో మాతల్లా ఒకసారి చెప్పాడు, మళ్ళీ చెబుతాడు, ప్రస్తుతం కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

ఇరవై కుడిచేత్తో, ఇరవై ఎడంచేత్తో. తర్బా చెయ్యి మారుస్తోంది. అలా మారిస్తే భుజం పట్టెయ్యదు, అది నేను నేర్పిందే, నాకు మా అమ్మ మస్ఊదా నేర్పింది. విసనకర్ర ఈతాకుది, అంచు ఊడితే నల్లదారంతో కుట్టారు, ఆ కుట్టు నాది కాదు, నేను వచ్చేశాక ఎవరో వేశారు, తర్బాయే వేసిందేమో. దానికి పదకొండేళ్ళు. నేను చూసి మూడేళ్ళయింది. పొద్దున సీదాతి బండి దిగినప్పుడు ముందు జైనబూ దిగింది, జైనబూ చెయ్యి ఒకరి భుజం మీద ఉంది, ఆ భుజం ఎవరిదా అని చూస్తే తర్బా. అది నా వైపు చూసి చూపు తిప్పుకుంది. కోపమో, భయమో, గుర్తుపట్టలేదో నేను చెప్పలేను. చూసింది చెప్పండక్కా, అనుకున్నది చెప్పకండి, అనుకున్నది చెబితే వాళ్ళ లాయరు మిమ్మల్ని అబద్ధాలకోరు అంటాడు అని మాతల్లా మొదటి రోజే చెప్పాడు, మూడేళ్ళుగా అదే అలవాటైంది, ఇప్పుడు మనసులో కూడా అలాగే అనుకుంటున్నాను. చూపు తిప్పుకుంది. అంతవరకే.

నేను వచ్చేసిన రోజున కూడా అది విసురుతూనే ఉంది. మధ్యాహ్నం, జైనబూ పడుకుంది, గుడారం అంచు పైకి చుట్టి ఉంది, నేను మేకల వెంట పోతూ వంగి చూస్తే తర్బా వీపు కనిపించింది, విసనకర్ర కనిపించింది. పిలవలేదు. పిలిస్తే విసరడం ఆగుతుంది, ఆగితే జైనబూ లేస్తుంది. వాగు దాటాక మేకలు లెక్కపెడితే రెండు తక్కువ. రెండు మేకలు పోగొట్టుకుని గుడారాలకి వెళ్ళడం అంటే ఏమిటో నా ఎడమ చెవి వెనక మచ్చ చెబుతుంది, అప్పుడు పోయింది ఒక్కటే. వెతుక్కుంటూ నడిచాను. సాయంత్రానికి తారురోడ్డు వచ్చింది. గడ్డిమోపులు వేసుకుని ఒక లారీ ఆగింది. ఎక్కడికి అని అడిగాడు డ్రైవరు. అటు అన్నాను. ఫిర్యాదులో మాతల్లా నేను పారిపోయానని రాశాడు. చదివి వినిపించినప్పుడు, నేను పారిపోలేదు తమ్ముడూ, మేకల్ని వెతకడానికి వెళ్ళాను అన్నాను. మాతల్లా కలం పక్కన పెట్టాడు. మేకలు దొరికాయా అక్కా అని అడిగాడు. లేదన్నాను. అయితే ఇంకా వెతుకుతున్నారనే అనుకుందాం, ఖాజీ ముందు మాత్రం పారిపోయానని చెప్పండి అన్నాడు.

పట్నం చివర రేకులూ తడికెలూ వేసుకుని నాలాగే గుడారాలు వదిలి వచ్చినవాళ్ళు ఉండే చోట ఒక ముసలామె నాకు పడుకోను చాప ఇచ్చింది. ఆమెతోనే మొదటిసారి పోలీసుల దగ్గరికి వెళ్ళాను. అధికారి కుర్చీలో వెనక్కి వాలి, ఏమ్మా, రేడియో వినవా, ఈ దేశంలో బానిసలు లేరు, ఎప్పుడో రద్దయింది, లేనిదాన్ని నేనెలా రాసుకోను అన్నాడు. రద్దయిన సంగతి వాళ్ళకి చెప్పండి బాబూ, నాకెందుకు చెబుతారు అన్నాను. తలుపు దగ్గర పోలీసు నవ్వాడు. అధికారి నవ్వలేదు, రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో ఏడాది తర్వాత మాతల్లా కాగితాలు తీయించి చదివితే తెలిసింది. కుటుంబ తగాదా. రేడియో మాకూ ఉంది. సీదాతి తండ్రి బకార్ దిండు కింద పెట్టుకునేవాడు. రద్దు చేశారన్న వార్త నేను పుట్టకముందే వచ్చిందట, అమ్మ అందులోనే విన్నది. బానిసలు లేరట అని రేడియో చెప్పిందే, ఆ రోజు నీళ్ళు ఎవరు తోడతారా అని చూశాను, నేనే తోడాను అని చెప్పేది అమ్మ, ప్రతిసారీ అదే మాట, ప్రతిసారీ నవ్వేది.

ఆ అమ్మే నాకు ఎదురు సాక్ష్యం చెప్పింది. అధికారి సీదాతిని కుర్చీలో కూర్చోబెట్టి, అమ్మని అతని ఎదురుగా నిలబెట్టి, నిన్ను వీళ్ళు బానిసగా ఉంచారా అని అడిగాడు. అమ్మ ముసుగు కొంగు పళ్ళతో పట్టుకుని మాట్లాడింది. దీనికి ఎండదెబ్బ తగిలింది బాబూ, మా అయ్యగారు మమ్మల్ని కన్నబిడ్డల్లా చూసుకుంటారు, మాకేం తక్కువ. అదంతా రాసుకున్నారు, ఆ కాగితం మీద అమ్మ వేలిముద్ర ఉంది. బయటికొచ్చాక గోడ నీడన నా పక్కన కాసేపు నిలబడింది. నువ్వంటే బయటపడ్డావు, నేను పొద్దుగూకేసరికి అక్కడే ఉండాలి గదే అంది. నా చెయ్యి తీసుకుని చూసి, గోరు పగిలింది, నూనె రాసుకో అంది. బండి ఎక్కింది. పోయిన వానలకి చచ్చిపోయింది, ఎవరో చెబితే తెలిసింది. మీ అమ్మ మీద కోపం రాలేదా అని ఒక పత్రికామె అడిగింది నన్ను. గోరుకి నూనె రాసుకున్నాను అని చెప్పాను. ఆమె అది రాసుకోలేదు.

"ఒసే సెలెమ్హా, ఉన్నావా?" అంటోంది జైనబూ. కళ్ళకి పొరలొచ్చాయి, మనిషి ఆకారం తెలుస్తుందంతే.

"ఉన్నాను."

"నీ కూతురు కునుకుతూ విసురుతోందే. నువ్విలా విసిరేదానివి కాదు."

"పొద్దున్నుంచీ విసురుతోంది కదా" అన్నాను.

"నువ్వు రోజంతా విసిరేదానివి" అంది జైనబూ. అది నిజమే. ఆమె దాన్ని మెప్పుగానే అంది.

సీదాతి లేచి నీళ్ళ సీసా పట్టుకొచ్చి నా ముందు నిలబడ్డాడు. తాగు చెల్లీ అన్నాడు. ఆ మాట తలుపు దగ్గర కానిస్టేబుల్‌కి వినబడేలా అన్నాడు. ముప్ఫై అయిదేళ్ళలో అతను నన్ను పిలిచిన పేర్లు చాలా ఉన్నాయి, ఇది ఇవాళ పొద్దున పది గంటల నుంచి మొదలైంది. దాహం లేదన్నాను. అతను సీసా మూత తీసి తనే తాగి వెళ్ళి కూర్చున్నాడు. చెల్లెలయితే, వాళ్ళ నాన్న పోయినప్పుడు ఒంటెల్లో ఈమె వాటా ఏదో చెప్పమనండి అని మాతల్లా ఒకసారి లోపల అడిగాడు. అందరూ నవ్వారు, ఖాజీగారు కూడా. నవ్వాక వాయిదా వేశారు. తొమ్మిది వాయిదాలు. సీదాతి మేత కోసం దూరం పోయాడని ఒకటి, ఖాజీకి బదిలీ అయిందని ఒకటి, ఫైలు రాజధానికి వెళ్ళి ఒక పేజీ తక్కువగా వచ్చిందని ఒకటి, వాన వచ్చి రోడ్డు తెగిందని రెండు, మిగతావాటికి కారణం చెప్పలేదు. ఇది పదోదక్కా, ఇది మాత్రం కరెంటువాళ్ళు అడిగారు అన్నాడు మాతల్లా ఇందాక. నాకు నవ్వొచ్చింది. తర్బా విసరడం ఆపకుండా తలెత్తి చూసింది. నా నవ్వు గుర్తుందేమో. చూసింది, అంతే.

చెల్లెలన్న మాట సీదాతి ఇవాళ కల్పించింది కాదు, కాగితం మీద ఎప్పటినుంచో ఉంది. గుర్తింపు కార్డులు రాసేవాళ్ళు బావి దగ్గరికి బండి మీద వచ్చినప్పుడు నేను నీళ్ళు తోడుతున్నాను. మగవాళ్ళే వెళ్ళి రాయించారు. గుడారాల్లో ఎంతమంది ఎక్కువుంటే అంత రేషను, అన్ని ఓట్లు. నీ తండ్రి పేరేమిటి అని నన్నెవరూ అడగలేదు, అడిగినా నాకు తెలీదు, అమ్మ చెప్పలేదు. సీదాతి నా వైపు గడ్డం చూపించి, అది మా నాన్న కూతురు అన్నాడు. రాసుకున్నారు. చంకలో ఉన్న తర్బాని చూపించి, ఇది నా కూతురు అన్నాడు, అదీ రాసుకున్నారు, తల్లి గడిలో అతని భార్య పేరు పడింది. పుట్టిన తేదీ తెలియని వాళ్ళందరికీ డిసెంబరు ముప్ఫై ఒకటి వేశారు. నేనూ, తర్బా, సీదాతి కొడుకు ఎలీ, ఇంకో నలభై మందిమి ఆ రోజే పుట్టాం. మాతల్లా ఈ కాగితాలు తెచ్చి చదివిన రోజు మొదట నవ్వాడు, తర్వాత నవ్వలేదు. అక్కా, చట్టం ప్రకారం మీరు ఆయనకి చెల్లెలు, మీ కూతురు ఆయనకి కూతురు, చెల్లెలు అన్నగారి కూతుర్ని అడుగుతోంది, దీన్ని బానిసత్వం కేసని నేను ఏ నోటితో అనను అన్నాడు. అన్నాడు గానీ మూడేళ్ళుగా అంటూనే ఉన్నాడు.

కార్డులు రాయించిన సంగతి జైనబూకి తెలుసు. ఏమని రాయించారో తెలీదు. అదంతా మగవాళ్ళ పని, సర్కారు కాగితం ఆమెకి గాలికి కొట్టుకొచ్చిన చెత్త లాంటిది. ఈ ఆలోచన ఎందుకొచ్చిందో మళ్ళీ చూసుకోవాలి, ఇప్పుడు చేతికి దొరకలేదు.

జైనబూ ఇవాళే కోర్టుకి మొదటిసారి వచ్చింది. ఎవరూ పిలవలేదు. పిల్లని చూపించండి అని ఖాజీగారు పోయిన వాయిదాలో అన్నారు, సీదాతి తర్బాని బండి ఎక్కిస్తుంటే, అది లేకపోతే నన్ను బయటికి ఎవరు తీసుకెళతారు, నా చెప్పులు ఎవరు అందిస్తారు, నేనూ వస్తాను అని ఈమె ఎక్కి కూర్చుందట. బండి డ్రైవరు కానిస్టేబుల్‌కి చెబుతుంటే విన్నాను. పొద్దున లోపల ఖాజీగారు కార్డు చేత్తో పట్టుకుని, ఈ పిల్ల నీదేనని రుజువేమిటి అని అడిగారు. మాతల్లా లేచి నిలబడ్డాడు, చూపించడానికి అతని దగ్గర కాగితం లేదు. తలుపు సందులోంచి జైనబూ కనిపిస్తోంది. నేను ముందుగా అనుకున్నది కాదు. ఖాజీగారూ, ఆ పెద్దావిడని లోపలికి పిలిచి ఒక్క మాట అడగండి, మనవడు ఎలీ ఎవరి పాలు తాగాడో చెప్పమనండి అన్నాను.

సీదాతి కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు నాకు బాగా గుర్తుంది, ఇనుప కాలు నేల మీద గీసింది. అతనికి తెలుసు, నాకూ తెలుసు, మా వైపు గుడారాల్లో ఎవరినడిగినా చెబుతారు. జైనబూ దేని గురించయినా అబద్ధమాడుతుంది, మేకల లెక్క, మనుషుల లెక్క, ఎవర్ని ఎవరు కొట్టారు, ఏదైనా. పాల గురించి ఆడదు. మూడు తరాల్లో ఏ బిడ్డ ఏ తల్లి పాలు తాగాడో ఆమెకి నోటికి వచ్చు. పెళ్ళి అనుకున్న ఇంటివాళ్ళు ముందు ఆమె గుడారానికి వస్తారు, ఒకే రొమ్ము తాగినవాళ్ళు తోబుట్టువులు, వాళ్ళని కలిపితే ఆ పాపం తెలిసీ చెప్పనివాళ్ళది. ఒకసారి గోరింటాకు పెట్టేశారు, గొర్రెల్ని కోసేశారు, పెళ్ళికొడుకు ఒంటె దిగాడు. జైనబూ అప్పుడే దూరపు మేత నుంచి వచ్చింది, దిగీ దిగకముందే పెళ్ళికూతురి తల్లి పేరు అడిగింది, బావి పేరు అడిగింది, వీళ్ళిద్దరూ ఆ బావి దగ్గర ఒకామె దగ్గర తాగారు, పెళ్ళి లేదు అంది. పెళ్ళికొడుకు తండ్రి బతిమాలాడు, తాగింది ఒక్కసారే కదా, ఎవరు చూశారు అని. నేను చూశాను అంది. మాంసం వండిన గిన్నెలు నేనే కడిగాను, ఎవరూ సరిగా తినలేదు, మాకు చాలా మిగిలింది, అమ్మ మూడు రోజులు ఎండబెట్టింది.

కాబట్టి జైనబూ లోపలికి వచ్చి, కుర్చీ వద్దని నిలబడే చెప్పింది. ఎలీ పుట్టిన నాలుగో రోజు కోడలికి జ్వరం వచ్చి పాలు పడలేదు. మా బానిస సెలెమ్హా అప్పటికి పన్నెండు రోజుల ముందు ఈ పిల్లని కన్నది. ఎలీని దానికిచ్చాను. వాడు ముందు తాగేవాడు, ఇది తర్వాత. రెండేళ్ళు తాగాడు. ఇది వాడికి పాలక్క, ఇద్దరికీ పెళ్ళి కూడదు, రాసుకో బాబూ. అలాగే అంది, రాసుకో బాబూ అని, ఖాజీగారితో. నాకు ఆ రెండేళ్ళూ ఎడమవైపు నొప్పి, ఎలీ కుడివైపు ఖాళీ చేసి ఎడమవైపుకి వచ్చేవాడు, తర్బా ఏడ్చేది, నోటికి వేలిచ్చేదాన్ని. పగటిపూట అవి తలుచుకోను. ఖాజీగారు తల ఊపి, పిల్ల ఈమెదేనని తేలింది, పాలబంధం కూడా తేలింది, పాలు కలిశాయంటే ఇది ఒక ఇంటి వ్యవహారం, పిల్లని తల్లికి ఇవ్వండి, కేసు కుటుంబ తగాదాగా రాజీ అయిందని ఇద్దరూ వేలిముద్రలు వెయ్యండి, సాక్షి కూడా వెయ్యాలి అన్నారు. గుమాస్తా వైపు తిరిగి, ఆవిడన్న మాట ఉన్నదున్నట్టు కాదు, ఇంటి మనిషి అని రాయి అన్నారు. ఆ మాట మెల్లగా అన్నారు. జైనబూ అప్పటికే తర్బా భుజం పట్టుకుని బయటికి నడుస్తోంది. సీదాతి, సరే, సరే, పిల్లని తీసుకెళ్ళమనండి అన్నాడు. అంత తొందరగా అతను దేనికీ సరే అనలేదు ఎప్పుడూ.

ఇంటి మనిషిని. ఇల్లంటే గుడారం. నేను పడుకునేది గుడారం బయట, మేకపిల్లల దడి పక్కన. వాన వస్తే గొర్రెతోళ్ళ కిందకి.

"అక్కా" అంటున్నాడు మాతల్లా, గొంతు తగ్గించి. "ఆ కాగితం మీద వేలు వేస్తే తర్బా వస్తుంది. కాదనను. కానీ మీ చెల్లెలు అక్కడే ఉంది, ఆమె ముగ్గురు పిల్లలున్నారు, మిగతా మీవాళ్ళతో కలిపి మొత్తం పదకొండు మంది. రేపు వాళ్ళలో ఎవరొచ్చినా ఈ కాగితం చూపిస్తారు. చూడండి, సెలెమ్హా కేసు కూడా కుటుంబ తగాదానే, ఆమే ఒప్పుకుంది అంటారు."

"వెయ్యకపోతే?"

"రాజధానికి అప్పీలు. రెండేళ్ళు, మూడేళ్ళు."

"వానలు పడగానే సీదాతి దాన్ని తీసుకుని సరిహద్దు దాటతాడు."

మాతల్లా కళ్ళజోడు తీసి మళ్ళీ తుడిచాడు. అతని తల్లి కూడా ఎవరి గుడారంలోనో పుట్టిందే, ఆమెని చూశాను, మాట్లాడేటప్పుడు కొంగు పళ్ళతో పట్టుకుంటుంది. వెయ్యమని గానీ వద్దని గానీ అతను అనడు. అదే మంచిది. ఎదురుగా ఇరవై కుడిచేత్తో, ఇరవై ఎడంచేత్తో. ఇప్పుడు పదిహేనుకే మారుస్తోంది. నా చెల్లెలి కూతురికి ఆరేళ్ళు, తర్బా వచ్చేస్తే ఆ విసనకర్ర దానికే ఇస్తారు. నేను వచ్చేసినప్పుడు నా కుండలు చెల్లెలికి ఇచ్చినట్టు. ఇది అనుకున్నది కాదు, చూసినదే, ఎప్పుడూ అలాగే జరిగింది. నేను వేలు వేస్తాను. అది నాకు పొద్దుటే తెలుసు, మాతల్లాకీ తెలుసు. మూడేళ్ళు ఆ వీపు మాత్రమే కళ్ళ ముందుంది, ఇవాళ మొహం చూశాను. ఇంకో మూడేళ్ళు ఆగడం నావల్ల కాదు. వేశాక ఆ పదకొండు మంది మొహం ఎలా చూస్తానో దాని గురించి ఆలోచించాలి, ఆలోచించడానికి కరెంటు వచ్చేదాకా టైముంది. ఒక ఈగ జైనబూ కాలి మీద వాలింది, తర్బా దాన్ని తోలింది. జైనబూ పెళ్ళయి గుడారానికి వచ్చినప్పుడు మా అమ్మకి తొమ్మిదేళ్ళట, పుట్టింటివాళ్ళు ఇచ్చిన చాపలూ, గిన్నెలూ, ఒంటె జీనూ, మా అమ్మా. జైనబూ ఆ లెక్క కూడా చక్కగా చెబుతుంది, అతిథులకి చెప్పేది, ఎన్ని చాపలో కూడా. బకార్‌కి తను ఒక్కతే భార్య, వేరే ఏ గుడారంలోనూ అడుగుపెట్టలేదు అని కూడా చెప్పేది. ఆ మాట చెప్పకుండా ఏ అతిథినీ పంపేది కాదు. బకార్ కూతురు సెలెమ్హా అని కాగితంలో ఉంది. ఇందాక చేతికి దొరకనిది ఇదే.

"తమ్ముడూ, ఆ కాగితం ఎవరు చదువుతారు?"

"గుమాస్తా."

"పైకి చదువుతాడా?"

"అడిగితే పైకి చదవాలి. వేలిముద్ర వేసేవాళ్ళ హక్కది."

"మొత్తమా? పేర్లూ, తండ్రి పేర్లూ?"

"అడిగితే మొత్తం చదువుతాడు" అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని నన్ను చూశాడు, తర్వాత జైనబూని చూశాడు. కాసేపు పట్టింది. "అడుగుదాం అక్కా" అన్నాడు.

పైన ట్యూబులైటు రెండుసార్లు మెరిసింది. ఫ్యాను కదిలింది. తర్బా విసరడం ఆపి పైకి చూసింది. లోపల ప్రింటరు చప్పుడు, గొంతులో కఫం అడ్డుపడినట్టు, తర్వాత సాఫీగా. ఖాజీగారు టీ తాగి వచ్చి కూర్చున్నారు. మమ్మల్నందరినీ పిలిచారు. గుమాస్తా కాగితమూ సిరా డబ్బీ బల్ల మీద పెట్టాడు. సీదాతి ముందే వేలు తుడుచుకుంటున్నాడు. నాకు చదవడం రాదు, ఆవిడకి చూపు లేదు, ఇద్దరికీ వినిపించేలా మొత్తం చదవమనండి అన్నాను. ఖాజీగారు తల ఊపారు, తొందరగా కానీ అన్నారు. గుమాస్తా చదివాడు. మరణించిన బకార్ కూతురు, సీదాతి సోదరి అయిన సెలెమ్హా, ఇంటి మనిషి, ఎలీకి పాలిచ్చినట్టు సాక్షి జైనబూ చెప్పడమైనది.

"ఎవరి కూతురు?" అంది జైనబూ.

"కార్డులో అలా ఉందమ్మా. బకార్ కూతురు."

జైనబూ తల కొడుకు ఉన్న వైపు తిరిగింది. కళ్ళు కాదు, తల. "నా మగడి పేరు దీనికి తగిలించావా?"

"అమ్మా, రేషను కోసం. ఒక్క మాట. వేలెయ్యి, పోదాం."

"ఒక్క మాట తేడా వస్తే గొర్రెల్ని కోసిన పెళ్ళి ఆపాను నేను. ఇది బకార్ కూతురయితే ఎలీకి పాలిచ్చింది వాడి మేనత్త అవుతుంది. అప్పుడు దీని చెల్లెళ్ళు అంటే నా కూతుళ్ళు, వాళ్ళ పిల్లలు, ఎవరు ఎవరికి కూడదో నువ్వు కూర్చుని విప్పుతావా? చచ్చాక దేవుడు నన్నడుగుతాడు, రేషనువాణ్ణి అడగడు." గుమాస్తా వైపు చెయ్యి చాచింది. "బాబూ, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. ఇది బకార్ కూతురు కాదు. నా పెళ్ళికి మా అమ్మ నాకిచ్చిన బానిస మస్ఊదా కూతురు. ఇదీ మా బానిసే, మా గుడారంలో పుట్టింది, ఎవరినడిగినా చెబుతారు. ఇంటి మనిషి అని రాయకు. ఇంట్లో నా తోడికోడళ్ళున్నారు."

ఖాజీగారు కలం మూత పెట్టారు, తీశారు. మాతల్లా గోడ వైపు చూస్తున్నాడు, అతని మొహం నాకు కనబడలేదు. అమ్మా, మిమ్మల్ని కోర్టు అడిగింది పాల గురించే అన్నారు ఖాజీగారు. నేను పాల గురించే చెబుతున్నాను, పాలు ఎవరివో తేలకపోతే ఆ కాగితం మీద నా వేలు పడదు అంది జైనబూ. సాక్షి వేలు పడకపోతే పిల్ల నాదన్న మాట నిలవదు, రాజీ కూడా నిలవదు. సీదాతి తన తల్లి మోచెయ్యి పట్టుకున్నాడు, ఆమె విదిలించింది. చాలాసేపటికి ఖాజీగారు, సాక్షి మాట సాక్షిది, చెప్పినట్టు రాయి, తీర్పు మాత్రం అదే అన్నారు. గుమాస్తా రెండు వేళ్ళతో టైపు చేశాడు. ఆ పదం దగ్గర ఆగి ఖాజీగారి వైపు చూశాడు. ఖాజీగారు కిటికీ వైపు చూస్తున్నారు. గుమాస్తా కొట్టాడు. మళ్ళీ ప్రింటరు, మళ్ళీ చదవడం. ఇప్పుడు సరిగ్గా ఉంది అంది జైనబూ. వేలు ఎక్కడ పెట్టాలో తెలియక చెయ్యి చాస్తే తర్బా ఆమె వేలు పట్టుకుని సిరాలో ముంచి కాగితం మీద పెట్టింది. తర్వాత సీదాతి సంతకం. తర్వాత నేను. సిరా చల్లగా ఉంది. ఒక నకలు నాకు, ఒకటి వాళ్ళకి, ఒకటి ఫైలుకి. బానిసల్ని ఉంచుకున్న నేరానికి గడువు తీరదని చట్టంలో ఉందక్కా, ఈ కాగితం ఎప్పుడైనా తీయొచ్చు అన్నాడు మాతల్లా, నకలు మడవకుండా సంచిలో పెట్టుకుంటూ. ఎవరు తీస్తారో, ఏ ఖాజీ తీస్తాడో అతను చెప్పలేదు.

వరండాలోకి వచ్చాం. అరగంట క్రితం కూర్చున్న బల్లలు అలాగే ఉన్నాయి, జైనబూ చెప్పులు బల్ల కింద ఉన్నాయి, విసరడానికి వీలుగా తర్బా లోపలికి తోసింది. జైనబూ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "తర్బా, చెప్పులివ్వవే" అంది. తర్బా వంగింది. నేనూ వంగి దాని చెయ్యి పట్టుకున్నాను. మణికట్టు ఎముక నా వేళ్ళకి తగిలింది. విడిపించుకుంటుందేమోనని గట్టిగా పట్టుకోలేదు. విడిపించుకోలేదు. రెండో చేత్తో ఇంకా విసనకర్ర పట్టుకునే ఉంది. అక్కడ పెట్టు అన్నాను. బల్ల మీద పెట్టింది. ఎక్కడికి అని అడిగింది. అటు అన్నాను. వెనక జైనబూ కాలితో నేల తడుముతున్న చప్పుడు వినిపించింది, సిమెంటు మీద గోరు గీసుకున్న చప్పుడు, ఒసే అని ఒకసారి పిలిచింది, ఇద్దరిలో ఎవర్ని పిలిచిందో తెలీదు. గేటు దాకా నడిచాం. ఎండ తెల్లగా ఉంది. చెప్పులు ఎవరు అందించారో నేను చూడలేదు.